బాతుల దీవికి కొత్త సిమ్

బ్రున్యోసుండ్, మే 9

అక్కా,

నిన్న రేవులో వెనక్కి తిరిగి చూడకుండా పడవెక్కావు. కోపం ఇంకా తగ్గకపోతే, ఉత్తరాల పడవ నడిపే ఇంగ్‌వాల్ ఇచ్చే సంచిలోంచి ముందు కాఫీ పొడి తీసుకో. ఈ ఉత్తరం కాఫీ తాగాక చదువు.

అదే సంచిలో ఒక సిమ్ కార్డు ఉంది. నీ ట్యాబ్‌లో ఉన్నది ఇక పనిచేయదు. పెద్ద దీవి మీద ఆ కంపెనీ టవరును చలికాలంలోనే పీకేశారట. నీ ఫోనుదీ అదే కంపెనీ కాబట్టి అదీ మూగదే. ఇదంతా నువ్వు వెళ్ళాకే తెలిసింది. నీ బాతుల దీవి గ్రోవేర్ వైపు ఇప్పుడు ఒక్క కంపెనీ సిగ్నలే అందుతుందని దుకాణంలో పిల్ల చెప్పింది. ఆ కంపెనీదే కొన్నాను. పాతది తీసి కొత్తది నువ్వే పెట్టుకోవాలి.

ట్యాబ్ అంచున సన్నని చిల్లు ఉంటుంది. కార్డుకు ఒక సూది అంటించాను. దాన్ని ఆ చిల్లులో నిటారుగా గుచ్చి నొక్కితే చిన్న సొరుగు బయటికొస్తుంది. పాత కార్డు ఎలా పడుకుని ఉందో చూసుకుని, కొత్తది అదే వాటంలో పెట్టు. మూల కోసి ఉన్న వైపు సొరుగులో కోసిన మూలకి సరిపోవాలి. సొరుగు లోపలికి తోశాక నాలుగంకెల నంబరు అడుగుతుంది. అది కార్డు కవరు మీద ఉంది. మూడుసార్లు తప్పు కొడితే తాళం పడిపోతుంది, తొందరపడకు.

ఇదంతా ఎందుకో నీకు తెలుసు. ఫిబ్రవరిలో నీ గుండెలో స్టెంటు వేసిన డాక్టరు గ్రోవేర్‌కి ఒప్పుకున్నదే ఒక షరతు మీద. రోజూ ఎవరో ఒకరు నీ ముఖం చూడాలి. ఆ ఒకరు నేను. ఏ సాయంత్రమైనా వీడియో కాల్‌లో నీ ముఖం కనబడకపోతే రక్షణ పడవకి ఫోన్ చేస్తాను. ఆ ఇంజిన్ చప్పుడుకి బాతులన్నీ గుడ్లు వదిలి లేచిపోతాయని నాకూ తెలుసు. కాబట్టి కార్డు జాగ్రత్తగా పెట్టు.

ట్యాబ్‌లో శబ్దం మొత్తం ఆపేయి. నాది జీవితమంతా ఫెర్రీ మీద అరిచిన గొంతు. అది నీ వంటింట్లో మోగితే ఈ ఏడు ఒక్క బాతూ ఒడ్డెక్కదు. నువ్వు మాట్లాడు, నేను తల ఊపుతాను. అవునంటే కిందికీ మీదికీ, కాదంటే పక్కలకి. చిన్నప్పుడు కూడా మన మధ్య మాటలు ఇలాగే నడిచేవి.

మీ అక్క ఎక్కడుందని ఊళ్ళో ఎవరైనా అడిగితే, సముద్రం మధ్య బాతులకి పురుడు పోస్తోందని చెబుతున్నాను. నవ్వుతున్నారు. వాళ్ళ మంచాల మీద నువ్వు బాతు గూళ్ళలోంచి ఏరిన మెత్తటి ఈకల నూగు బొంతలే ఉన్నాయి.

స్వేరె


గ్రోవేర్, మే 14

తమ్ముడూ,

నేను ఎలా ఉన్నానో రాయను. రోజూ చూస్తున్నది నువ్వు కాబట్టి ఆ సంగతి నువ్వే నాకు రాయాలి.

కార్డు పెట్టిన కథ విను. వెలుతురు బాగుంటుందని గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. నీ సూది వేళ్ళలోంచి జారి పలకల సందులోంచి కిందపడింది. మెట్టు కింద అప్పటికే ఒక బాతు చోటు చూసుకుంటోంది. అది పోయినేడు వచ్చినదే, ఎడమ రెక్క మీద తెల్లటి ఈక ఉంటుంది. ఒకసారి చోటు ఎంచుకున్నాక అక్కడ మనిషి చెయ్యి పెడితే ఇక ఆ ఇంటి వైపే రాదు. సూది పోతే పోయిందనుకున్నాను.

నూగులోంచి నాచు దులిపే తీగల చట్రం ఉంది కదా, దాని తీగ ఒకటి పోయినేడే తెగింది. ఆ ముక్క కత్తిరించి తెచ్చాను. చిల్లు ఒకటే ఉంటుందని నువ్వు రాశావు. అంచున పక్కపక్కనే రెండున్నాయి. మొదటిది ఎంత నొక్కినా కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే లోపల ఏదో మెత్తగా దిగింది, సొరుగు మాత్రం రాలేదు. రెండోదాన్లో పెట్టగానే వచ్చింది. కార్డు మొదట తిరగేసి పెట్టాను, తరవాత సరిచేశాను. నంబరు ఒకసారి తప్పు కొట్టాను. ఆ సాయంత్రమే నీ ముఖం వచ్చింది, గడ్డం గీసుకోకుండా.

శబ్దం ఆపేయడం మంచి ఆలోచనే. నిన్ను పెంచినదాన్ని కాబట్టి చెబుతున్నాను, నోరు మూసుకుని కూర్చున్నప్పుడు నువ్వు చాలా మంచివాడివి. ఈ నాలుగు రోజుల్లో అడిగినవన్నీ ఒప్పుకున్నావు. నీ నీలం తెడ్ల పడవ వాడకుండా కుళ్ళిపోతోంది కదా, ఇంగ్‌వాల్‌కి ఇచ్చేద్దామా అంటే తల ఊపావు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఎన్నేళ్ళుగానో బతిమాలుతున్నాను. ఈసారి అడగ్గానే ఊపావు. ముఖం కూడా చిట్లించలేదు.

గూళ్ళు సగం నిండాయి. రాతి గూళ్ళలో కొత్త నాచు పరిచాను. పోయినేటి కంటే బాతులు తక్కువే వచ్చాయి, ఇంకా వస్తాయేమో చూడాలి. పగలంతా అదే స్వెట్టరు, అదే టోపీ. బట్టలు ఉతికి తీగ మీద ఆరేయడం కూడా లేదు, గాలికి ఎగిరితే బెదురుతాయి. వాసన నీదాకా రాదు, అదృష్టవంతుడివి.

ఓద్రూన్


బ్రున్యోసుండ్, మే 19

అక్కా,

నువ్వు బాగున్నావు. అడిగావు కాబట్టి రాస్తున్నాను. బుగ్గలకి రంగు వచ్చింది. టోపీ మాత్రం ఘోరంగా ఉంది.

సోమవారం ఇంగ్‌వాల్ తలుపు కొట్టాడు. "మీ అక్క చెప్పింది, నువ్వు తల ఊపావట. తాడు విప్పుకోనా?" అన్నాడు. ముందు లోపలికొచ్చి కాఫీ తాగమన్నాను. తరవాత విప్పుకోమన్నాను. పడవ వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. ఇచ్చేశాను కదా, ఇక దాని గురించి మాట్లాడొద్దు.

చెవుల డాక్టరు దగ్గర ఇరవై ఏడో తారీఖుకి సమయం తీసుకున్నాను. ఒప్పుకున్నాను కాబట్టి తీసుకున్నాను. నా చెవులకేమీ లేదు. పదిహేడున జాతీయ దినం పిల్లల ఊరేగింపులో బ్యాండు బాగానే వినపడింది. ముందు వరసలో నిలబడ్డాననుకో.

ఒక్క మాట. ఈ ఏడు నువ్వు మరీ గొంతు తగ్గించి మాట్లాడుతున్నావు. గూడు కాలంలో గట్టిగా మాట్లాడకూడదని నాకు తెలుసు. కానీ బాతులే నీకంటే గట్టిగా మాట్లాడతాయి. కొంచెం నోరు తెరిచి, ట్యాబ్‌కి దగ్గరగా జరిగి మాట్లాడు. నేను ఇక్కడ శబ్దం చివరిదాకా పెంచుతున్నాను. మొన్న అలా పెంచి ఉంచితే తరవాత వార్తల్లో ఎక్కడిదో అగ్నిప్రమాదం అదే మోతతో వచ్చింది, పై ఇంటావిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, ఎక్కడ నిప్పంటుకుందో అని.

కాఫీ, గోధుమరంగు చీజ్, రెండు జతల ఊలు మేజోళ్ళు పంపుతున్నాను. మేజోళ్ళు బూడిదరంగువే, బాతులకి చెప్పు.

స్వేరె


గ్రోవేర్, మే 26

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ముఖం ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేనిది కాగితం మీద సులువు.

మంగళవారం సాయంత్రం నేను నీకు చెప్పింది మళ్ళీ రాస్తున్నాను. మధ్యాహ్నం నాచు బస్తా ఎత్తుతుంటే ఎడమవైపు పట్టేసింది. భుజందాకా పాకింది. బస్తా దించి, రాళ్ళ మీద కూర్చుని, నాలుక కింద మాత్ర పెట్టుకున్నాను. కాసేపటికి తగ్గింది. ఇదంతా దాచకుండా నీకు చెప్పాను. చెప్పి, వచ్చేయనా అని అడిగాను. నువ్వు నవ్వుతూ తల ఊపావు. రమ్మంటున్నావనుకుని డీలా పడ్డాను. మళ్ళీ అడిగాను: పోనీ, గుడ్లలోంచి బాతుపిల్లలు బయటికొచ్చేదాకా ఉండనా? దానికీ ఊపావు, ఇంకా గట్టిగా. ఆ రెండోదే నీ మనసులో మాట అనుకున్నాను.

మా ఆయన యోస్తైన్ పోయినప్పటి నుంచి అందరూ నాకు ఏది మంచిదో నాకే చెబుతున్నారు. డాక్టరు, నర్సు, యోస్తైన్ చెల్లెలు. అందరికంటే ఎక్కువ నువ్వు. నువ్వు భయస్తుడివి, నీ భయం నాకు కొత్త కాదు. అలాంటిది మంగళవారం నువ్వు నా మాట విని, నా ఒంటి సంగతి నాకు తెలుసని నమ్మి, ఉండనిచ్చావు. ట్యాబ్ కట్టేశాక కాసేపు ఏడ్చాను. బాధతో కాదు.

అప్పటినుంచి బాగానే ఉన్నాను. బస్తాలు ఎత్తడం మానేసి, నాచు బుట్టలో కొంచెం కొంచెంగా మోస్తున్నాను. మెట్టు కింద బాతు గుడ్లు పెట్టింది. నేను తలుపు తీసినా ఇప్పుడు తల కూడా తిప్పదు. మొత్తం మీద ఈ ఏడు గూళ్ళు పోయినేటికి దగ్గరగానే వచ్చాయి. ఇప్పుడు వదిలి వస్తే కాకులూ గద్దలూ గుడ్లు తినేస్తాయి, మిగిలిన బాతులు మళ్ళీ ఏడాది వేరే దీవి చూసుకుంటాయి. ఒక ఏడు ఖాళీ అయిన దీవికి అవి తిరిగి రావడం మా అత్తగారు చూడలేదు, నేనూ చూడలేదు. నీకు ఇదంతా అర్థమైందని తెలిసి మనసు తేలికపడింది.

మేజోళ్ళు వెచ్చగా ఉన్నాయి.

ఓద్రూన్


గ్రోవేర్ బయటి రాయి మీద, మే 29, ఆదివారం

అక్కా,

ఇంగ్‌వాల్ నీకు ఈ కాగితం ఇచ్చాక కిటికీలోంచి ఒడ్డుకి అవతల నీళ్ళలో ఉన్న రాయి వైపు చూడు. దాని మీద కూర్చున్నది నేనే. ఇంజిన్ చాలా దూరంలోనే ఆపించాను, అక్కడి నుంచి తెడ్లతో వచ్చాం. దీవి మీద కాలు పెట్టను. బాతులకి ఇంగ్‌వాల్ అలవాటు, నేను కాదు.

నీ ఉత్తరం నిన్న చేరింది. అక్కా, నాకు ఏమీ వినపడలేదు. మంగళవారం అనే కాదు, ఏ రోజూ ఒక్క మాట వినపడలేదు. నీ పెదవులు కదిలేవి, అంతే. గూడు కాలం కదా, గుసగుసగా మాట్లాడుతున్నావు, నా చెవులకి అందడం లేదు అనుకున్నాను. చెవిటివాణ్ణయ్యానని నీతో ఒప్పుకోలేక తల ఊపాను. పడవ పోయినా ఊపాను. నువ్వు నవ్వితే నేనూ నవ్వాను.

శుక్రవారం చెవుల పరీక్ష అయింది. అక్కడి అమ్మాయి, "మీ చెవులు పాతబడ్డాయి, పాడవలేదు" అంది. చెవుల్లో యంత్రాలు పెట్టి పంపింది. ఇంటికొస్తే ఫ్రిజ్ మోత వినపడింది. పై ఇంటావిడ చెప్పులు వినపడ్డాయి. సాయంత్రం నీ ముఖం వచ్చింది, నువ్వు మాత్రం మళ్ళీ మూగే. అప్పుడు అనుమానం వచ్చింది. శనివారం పొద్దున దుకాణానికి వెళ్ళి నీ తీగ ముక్క సంగతి చెప్పాను. సిమ్ సొరుగు చిల్లు పక్కన ఉండేది మైకు అట. నువ్వు మొదట గుచ్చింది దాన్ని. చిల్లు ఒకటేనని రాసింది నేను. ఇది నవ్వుకుంటూ నీకు రాద్దామని ఇంటికొస్తే గుమ్మంలో నీ ఉత్తరం ఉంది.

నిన్న సాయంత్రం కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించాను: 'వినపడలేదు. ఏ రోజూ వినపడలేదు. వచ్చేయ్.' నువ్వు చదివావు. ట్యాబ్‌ని బోర్లా పెట్టేశావు.

మన ఒప్పందం ప్రకారం నేను రక్షణ పడవకి ఫోన్ చేయాలి. నంబరు నొక్కాను. అవతల ఎత్తేలోపు పెట్టేశాను. ఆ పడవ వస్తే నువ్వు నాతో ఇక మాట్లాడవని కాదు, మాట్లాడకపోయినా బతికుంటే చాలు నాకు. కానీ నువ్వు రాసిన ఖాళీ దీవి నా కళ్ళ ముందు నిలబడింది.

అందుకని ఇలా వచ్చాను. మంగళవారం నువ్వు అడిగినదానికి నా జవాబు: వచ్చేయాలి. ఇంగ్‌వాల్ పడవలో నర్సు కూడా ఉంది. పిల్లలు బయటికొచ్చేదాకా ఇక్కడ నేనుంటాను. నాకు పని రాదు. నీ స్వెట్టరు వేసుకుంటాను, నీ టోపీ పెట్టుకుంటాను, నోరు తెరవను. ఏ గూటికి ఎప్పుడు వెళ్ళాలో నువ్వు చెప్పినట్టే చేస్తాను. రానంటే రాకు. నువ్వు వచ్చేదాకా ఈ రాయి మీద కూర్చుంటాను. వాన వచ్చేలా ఉంది, అదీ ఆలోచించుకో.

స్వేరె


ఆసుపత్రి నుంచి, జూన్ 5

తమ్ముడూ,

రాయి మీద వానలో తడుస్తూ, ఇంగ్‌వాల్ ఇచ్చిన తారుగుడ్డ నెత్తిన కప్పుకుని కూర్చున్న నిన్ను చూసి మొదట నవ్వొచ్చింది. పడవెక్కాక స్వెట్టరు నీ ఒళ్ళోకి విసిరేశాను. కోపం ఉంది. అది ఎందుకో చెబుతాను.

డాక్టరు ఇంకో రక్తనాళం దాదాపు మూసుకుపోయిందని చెప్పాడు. బుధవారం అదీ తెరిచారు. దీవి మీద ఆ మంగళవారం వచ్చింది హెచ్చరిక, రెండోది ఇంత మర్యాదగా రాదు అన్నాడు. నువ్వే సరి, నేనే తప్పు. అది ఒప్పుకోవడం కష్టం కాదు.

కష్టమైంది వేరే. నువ్వు నన్ను నమ్మి ఉండనిచ్చావనుకున్న ఆ నాలుగు రోజులు బాగున్నాయి స్వేరె. నీ కాగితం చదివాక అవి జరగలేదని తెలిసింది. అందుకే ట్యాబ్ బోర్లా తిప్పాను.

డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. గ్రోవేర్‌కి ఇక ఒంటరిగా వద్దన్నాడు. అంటే గ్రోవేర్ అయిపోయినట్టే. అక్కడికి నాతో రావడానికి ఎవరున్నారు? ఇక్కడ కిటికీ ఎదురుగా గోడ ఉంది. రోజంతా దాన్నే చూస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. వారమైంది, నీ ముఖం ఒక్కసారి కూడా నా ఫోనులో కనబడలేదు. నా ట్యాబ్‌లోంచి సిమ్ తీసి నీదాన్లో పెట్టుకుంటానని చెప్పావు కదా, పెట్టలేదా? రక్షణ పడవకి నేను ఫోన్ చేయనా? రెండు ట్యాబ్‌లూ ఒకే రకం, ఒకే రోజు కొన్నాం. సొరుగు అంచు గీత వేలికి తగులుతుంది. ఆ గీత లోపల ఉన్న చిల్లే సొరుగుది. గీత బయట ఉన్నది మైకు. ఎలాగూ చట్రం పాడైంది, ఇంకో ముక్క కత్తిరించుకో.

బాతుల దగ్గరికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ప్రతిరోజూ ఒకే దారిలో వెళ్ళు. అడ్డదారులు వద్దు. పిల్లల ఒళ్ళు ఆరేదాకా నూగు ముట్టుకోకు. మెట్టు కింద ఉన్నదానితో తలుపు తీసేటప్పుడు నెమ్మదిగా ఒక మాట మాట్లాడేదాన్ని. నువ్వు మాట్లాడకు. ఒకసారి దగ్గు, చాలు.

ఓద్రూన్


గ్రోవేర్, జూన్ 20

అక్కా,

సాయంత్రాలు నువ్వు మాట్లాడుతుంటే వింటూ తల ఊపడమే నా పని. కాబట్టి చెప్పాలనుకున్నవన్నీ దాచి ఇక్కడ రాస్తున్నాను.

సిమ్ పెట్టడానికి వారం ఎందుకు పట్టిందంటే, భయం. నీ సొరుగు తెరిచి కార్డు మొదటిరోజే తీశాను. నా ట్యాబ్ ముందు తీగ పట్టుకుని కూర్చోవడం, మళ్ళీ దాన్ని పక్కన పెట్టేయడం, ఇదే పని. అదీ పాడైతే నీ గొంతు నాకెలా చేరుతుంది? నీ ఉత్తరం వచ్చాక, గీత వేలితో తడిమి, లోపలి చిల్లులోనే గుచ్చాను. సొరుగు వచ్చింది. కోసిన మూల సరిచూసి పెట్టాను. నంబరు ఒక్కసారికే సరిగ్గా కొట్టాను, ఎంత మెల్లగా కొట్టానంటే మధ్యలో తెర ఆరిపోయింది.

నువ్వు మొదట అన్న మాట, "ఆ టోపీ నీకు నాకంటే బాగుంది". ఇన్నేళ్ళకి నీ గుసగుస వినపడింది. శబ్దం బాగా తగ్గించి గుమ్మం దగ్గర కూర్చున్నాను. మెట్టు కింద బాతు నీ గొంతుకి మెడ ఎత్తి, కాసేపు అలాగే ఉండి, మళ్ళీ దించింది. అది లేవలేదు. నువ్వు డాక్టరు మీద నేరాలు చెబుతూనే ఉన్నావు.

మొదటి రోజుల్లో కొన్ని గూళ్ళు పోయాయి. అది దాచను. దీవికి ఉత్తర దిక్కు కొసన ఉన్నవాటి గుడ్లు గద్ద తన్నుకుపోయింది, నేను ఆలస్యంగా చూశాను. మిగిలినవన్నీ నిలిచాయి. పదో తారీఖు నుంచి పిల్లలు రావడం మొదలైంది. మెట్టు కింద నుంచి నాలుగు వచ్చాయి. తడి ఆరేదాకా తల్లి కదల్లేదు, తరవాత నా బూట్ల పక్కనుంచే వాటిని నడిపించుకుపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. ఫెర్రీ మీద తుఫానులో కూడా నేను అంత కదలకుండా నిలబడలేదు.

ఆ నాలుగు రోజులు జరగలేదన్నావు. నిజమే. వినపడి ఉంటే తల పక్కలకే ఊపేవాణ్ణి, గట్టిగా. అప్పుడు నాకు ఇక్కడి సంగతి తెలియదు. మూడు వారాలు ఉన్నాక చెబుతున్నాను. మొన్న నాకే ఎడమవైపు పట్టేసి ఉంటే, ఆ నాలుగు పిల్లలూ నీళ్ళలోకి దిగేదాకా నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. నువ్వు నాకు చెప్పావు. ఇద్దరిలో బుద్ధి ఎవరికుందో నువ్వే చూసుకో. డాక్టరుతో మాత్రం ఈ మాట అనకు.

డాక్టరు అన్నదే తీసుకుందాం. నువ్వు దాన్ని సరిగ్గా వినలేదు, చెవుల యంత్రం నీకూ కావాలేమో. ఆయన గ్రోవేర్ వద్దనలేదు. ఒంటరిగా వద్దన్నాడు. నాతో రావడానికి ఎవరున్నారని అడిగావు. నాకు కోపం వచ్చింది. మూడు వారాలుగా నీ స్వెట్టరులో, నీ టోపీలో, నీ దారిలో నడుస్తున్నవాడు ఎవరు?

నిన్న మధ్యాహ్నం చివరి బాతు పిల్లల్ని తీసుకుని దిగిపోయింది. గూళ్ళన్నీ ఖాళీ. నూగు ఏరి బస్తాల్లో పెట్టాను, నాచు దులపడం నువ్వు నేర్పాలి. ఇక దీవి మీద ఎంత చప్పుడు చేసినా తప్పు లేదు. పొద్దున ఇంగ్‌వాల్ పలకలు, మేకులు తెచ్చాడు. లోపలి గదిలో రెండో మంచం కడుతున్నాను. గది ఇరుకు, కాబట్టి ఒకటి కిటికీ వైపు, ఒకటి గోడ వైపు పడతాయి. నువ్వు గోడ చూసింది చాలు. వచ్చే మే నుంచి కిటికీ నీది.

కాదంటావా, ఇది చదివిన సాయంత్రం చెప్పు. ఇక నేనూ మాట్లాడతాను, గట్టిగా.

స్వేరె